చప్పట్లు కొట్టించిన తూకం

నేను ఒక బరువు తూచే మిషన్‌ని. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అందుకే నన్ను తిట్టని మనిషి లేడు.

పుట్టగానే ఫ్యాక్టరీలో నా మీద ఇనుప గుండ్లు పెట్టి పరీక్షించారు. ఆ గుండ్లంతటి మర్యాదస్తులు నాకు మళ్లీ తగల్లేదు. ఎంత చూపిస్తే అంతకు ఒప్పుకునేవి. తర్వాత గుంటూరులో ఒక జిమ్ములో చేరాను. అక్కడివాళ్లు పొట్ట లోపలికి లాక్కుని ఎక్కేవారు, నాకేదో కళ్లున్నట్టు. అది మూతపడ్డాక ఒక ఆసుపత్రివాళ్లు నన్ను కొని, డయాలసిస్ గదిలో గుమ్మం పక్కన వేశారు.

కిడ్నీలు పనిచేయనివాళ్లకు తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే ఉండిపోతాయి. డయాలసిస్‌కు ముందు వాళ్లు నా మీద నిలబడితే, ఇంటి దగ్గర దొంగచాటుగా ఎన్ని నీళ్లు తాగారో బయటపెట్టేస్తాను. ఇక చూడాలి వాళ్ల నాటకాలు! ఒకాయన సెల్‌ఫోన్ తీసి పక్కన పెడతాడు. ఒకావిడ జడలో మల్లెపూలు కూడా తీసేసింది. అన్నీ అయ్యాక, "మిషను పాడైంది సిస్టర్!" అంటారు. బరువు పెరగకుండా వచ్చినవాళ్లకు మాత్రం సిస్టర్ ఎస్తేరు గదిలో అందరిచేతా చప్పట్లు కొట్టిస్తుంది. అది ఆ గది ఆచారం.

అందరిలోకీ నోరున్నవాడు ఏడుకొండలు. ఒకప్పుడు లారీ డ్రైవరు. ఎక్కిన ప్రతిసారీ, "నన్నేడిపించడానికే పుట్టావే దొంగముఖమా!" అని గది దద్దరిల్లేలా తిట్టేవాడు. పక్క మంచం తిరపతమ్మ పడీపడీ నవ్వేది. నిజం చెప్పొద్దూ, నాకూ సరదాగానే ఉండేది.

ఉన్నట్టుండి అతని బరువు పెరగడం మానేసింది. చప్పట్లు. మరుసటిసారి ఏకంగా తగ్గింది. ఇంకా గట్టిగా చప్పట్లు. నాకు మాత్రం కంగారు పుట్టింది. నేను చూపించే అంకెలో నీళ్లెంతో కండెంతో విడదీసి చెప్పలేను. కానీ అతని పాదాల్లో ఎముకలు నాకు తగులుతున్నాయి. అరిచి చెబుదామంటే నాకున్నది ఒక్క బీప్ శబ్దమే. దాన్నెవరు పట్టించుకుంటారు?

"ఆపండమ్మా మీ చప్పట్లు!" అని గట్టిగా కసిరింది తిరపతమ్మ. "ఈ మనిషి ఇయ్యాల మిషన్ని ఒక్క మాటన్నా అన్నాడా? దీన్ని తిట్టకుండా దిగాడంటే ఏదో అయ్యిందన్నమాటే. ఏవయ్యా, అన్నం తింటన్నావా లేదా?"

ఏడుకొండలు నవ్వబోయాడు. కుదరలేదు.

"ముద్ద దిగట్లేదక్కా. లారీ తోలినోణ్ణి. ఇప్పుడు మా ఆవిడ నాలుగిళ్లల్లో అంట్లు తోమి తెస్తంటే నేను కూకొని తినాలా? తిని ఎవుర్ని ఉద్ధరించాలి?" అని అక్కడే భోరుమన్నాడు.

సిస్టర్ ఎస్తేరు మొహం పాలిపోయింది. పరుగున వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది. కండ కరిగిపోయిన చోట నీరు చేరిందనీ, ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే ప్రాణం మీదికొచ్చేదనీ ఆయన చెప్పాడు. మందులతోపాటు మనసు విప్పి మాట్లాడటం కూడా వైద్యమేనంటూ, కౌన్సెలర్‌ని రమ్మని కబురు పెట్టాడు.

కౌన్సెలర్ వచ్చేదాకా తిరపతమ్మ ఆగుతుందా? టిఫిను డబ్బా తెరిచి అతని చేతిలో ఇడ్లీ పెట్టింది.

"నువ్వు తినకపోతే నీ పెళ్లాం మాత్రం తింటదంటయ్యా?"

అతను ఏడుస్తూనే కొరికాడు. రెండో ముక్క నోట్లో పెట్టుకుని డబ్బాలోకి తొంగిచూశాడు.

"పచ్చడేదక్కా?"

"కొబ్బరి మన కిడ్నీలకి పడదు. నోరు మూసుకొని తిను."

నోరు మూసుకుని ఎలా తింటారో నాకు తెలియదు గానీ, మొత్తం తిన్నాడు.

డయాలసిస్ అయ్యాక మళ్లీ బరువు చూడాలి. అతను వచ్చి నా మీద నిలబడ్డాడు. నేను వెంటనే అంకె చూపించాను. సిస్టర్ ఎస్తేరు దానివైపు చూడలేదు. ముందు అతని మొహంలోకి చూసి, "ఇంటికెళ్లాక ఏం తింటావు ఏడుకొండలూ?" అని అడిగింది. అతను చెప్పడం పూర్తయ్యేదాకా నా అంకె అలా వెలుగుతూనే ఉంది. నాకేం కోపం రాలేదు.