తూర్పు గుమ్మం

ఫెలీసా చేతులకి కలమన్సీ నిమ్మకాయ పిండుకుని తోలు మండేదాకా రుద్దింది. ఎండుచేపల వాసన పోయినట్టే పోయి మళ్లీ వస్తోంది.

“ఇక చాల్లే వదినా! పతకం వేసేది నీ కూతురికేగా, బిషప్పుగారికి కాదుగా,” అంది పక్కింటి డెల్ఫా, తన ఎత్తుమడమల చెప్పులు అందిస్తూ. “జాగ్రత్తమ్మా. మా ఆయన వీటిలో నన్ను చూసే పడిపోయాడు.”

“చూసి పడ్డాడా, నువ్వు తొక్కితే పడ్డాడా?”

ఆ దీవి హైస్కూల్లో ఏడాది చివర వేడుక చేస్తారు. గెలిచిన పిల్లల మెడలో పతకం వేసేది మాస్టార్లు కాదు, కన్నవాళ్లు. ఇన్నేళ్లూ ఫెలీసా వెనక బల్ల మీద కూర్చుని పరాయి తల్లులకి చప్పట్లు కొట్టింది. ఈసారి కూతురు లోవెల్లా పదో తరగతిలో మొదటిది. వేదిక ఎక్కాలి, పతకం వెయ్యాలి, ఫొటో దిగాలి, దాన్ని గోడకి తగిలించాలి. మామిడిపండు రంగు గౌను అందుకే కుట్టించుకుంది.

లోవెల్లా మాత్రం తెల్లారేసరికే సముద్రం ఒడ్డుకి పోయింది. అక్కడ గుంజల మీద నిలబెట్టిన ఇన్సియాంగ్ అవ్వ తాటాకు ఇంటి కాళ్లని కెరటాలు కోసేస్తున్నాయి. మగవాళ్లంతా చేపల వేటలో ఉన్నారు. పదో తరగతి పిల్లలే అడుగున వెదురుబొంగులు కట్టి, ఇంటిని ఇల్లుగానే భుజాలకెత్తి కొబ్బరితోటలోకి చేరుస్తామన్నారు. “వేడుక వేళకి వచ్చేస్తానమ్మా,” అని చెప్పి మరీ వెళ్లింది పిల్ల.

బళ్లో పెద్దమాస్టారు బగారెస్ మైకు పట్టుకుని ఏడాది గొప్పలన్నీ చదువుతున్నాడు. లెక్కల పోటీలో రెండో స్థానం. బురదనేలలో నాటిన మడ అడవి మొక్కలు. “ఇక ఈ ఉదయమే మన పిల్లలు ఇన్సియాంగ్ అవ్వ ఇంటిని క్షేమంగా చేర్చి...”

“ఇంకా చేరలేదు సార్!” అని కింద నుంచి ఒక గొంతు. జనం నవ్వారు.

మాస్టారు వినిపించుకోలేదు. “మొదటి స్థానం, లోవెల్లా! ఊరిసేవ పతకం కూడా ఆమెకే!”

ఫెలీసా లేచింది. చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లెక్కింది. వేదిక మీద తానొక్కతే ఉంది.

“పిల్లేదమ్మా?” అన్నాడు పెద్దమాస్టారు.

కింద నుంచి ఇందాకటి గొంతే జవాబిచ్చింది. అది లోవెల్లా తరగతి పిల్లాడు జున్రేది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. “ఇంటిని తిప్పుతోంది సార్. గుమ్మం దారి వైపుంటే బాగుంటుందని తనే పెట్టించింది. తీరా చూస్తే అది పడమర. అవ్వ లోపలికి రానంటోంది. కొత్తచోట ఇంట్లోకి ముందు ఉప్పూ బియ్యం వెళ్లాలి కదా, ఆ కుండలు ఒళ్లో పెట్టుకుని బయటే కూచుంది. సూరీడు దిగిపోయే వైపు గుమ్మం పెడితే నేనూ అటే దిగిపోతానంటోంది. అప్పటికే మేం సగంమంది స్నానాలకి వచ్చేశాం. ఉన్నవాళ్ల బలానికి ఇల్లు లేవట్లేదు. ‘తప్పు నాది, తిప్పేదాకా కదలను’ అని లోవెల్లా అక్కడే ఉంది.”

పెద్దమాస్టారు గడియారం చూసుకున్నాడు. “ఫొటో అతనికి పడవ వేళవుతోంది. పోనీ, పిల్ల బదులు పతకాలు మీరే వేసుకుని ఫొటో దిగండమ్మా.”

ఫెలీసా పతకాలు అందుకుంది. ఎదురుగా ఫొటో అతను కెమెరా ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. వెనక బల్ల మీది తల్లులంతా తననే చూస్తున్నారు. ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇదే చోటు కోసం.

“నా మెడకెందుకు సార్? నేనేం చదివానని?”

వేదిక దిగి ఫొటో అతని మోచెయ్యి పట్టుకుంది. “రా బాబూ, పడవ నీకోసం ఆగుద్దిలే. నడిపేది మా మరిదే.”

ఆమె వెనకాలే జున్రే, వాడి వెనకాల తడిజుట్ల పిల్లలు, ఆ పిల్లల తల్లులు, చివరికి మైకు వదిలేసి పెద్దమాస్టారు. తోట మొదట్లోనే డెల్ఫా చెప్పొకటి బురదలో దిగబడింది. ఫెలీసా దాన్ని అక్కడే వదిలేసింది.

లోవెల్లా బొంగు కింద భుజం పెట్టి ఉంది. చెంపలదాకా బురద. తల్లిని చూసి బిక్కమొహం వేసింది. “అమ్మా, వేడుక...”

“కదలకే. చేతులు తియ్యకు, ఇల్లు ఒరుగుతుంది.” ఫెలీసా బొంగు కిందికి వంగి, కూతురి మెడలో రెండు పతకాలూ వేసింది. చేపల వాసన చేతులతోనే చెంప మీది బురద తుడిచింది. తర్వాత గౌను మోకాళ్ల పైకి దోపి, పక్కనే తన భుజమూ ఆనించింది.

“ఆ గౌను పాడైపోద్దే పిల్లా!” అని అరిచింది అవ్వ, కుండలు కావలించుకుని.

“నీ గుమ్మం ఎటో చెప్పవే అవ్వా ముందు! మళ్లీ తిప్పమంటే నిన్ను కూడా కలిపి మోస్తాం!”

కొత్త భుజాలు చేరాయి. ఫొటో అతను కెమెరా ఎత్తాడు. ఒక్క ఊపున ఇల్లు లేచింది, అటూ ఇటూ ఊగింది, మెల్లగా తిరిగి తూర్పుకి కూర్చుంది. అవ్వ ఉప్పూ బియ్యంతో లోపలికెళ్లి, కిటికీలోంచి తల బయటపెట్టి, “గాలి బానే వస్తోంది,” అంది.

ఆ ఫొటో ఇప్పుడు ఫెలీసా ఇంటి గోడకుంది. చూరు అడ్డొచ్చి అందులో మొహాలేవీ లేవు, తాటాకు ఇల్లూ దాని కింద బోలెడు కాళ్లూ తప్ప. “మీ అమ్మాయేది?” అని అడిగితే ఒక జత బురదకాళ్ల మీద వేలు పెడుతుంది. ఆ పక్కనే ఒక చెప్పున్న కాలూ, చెప్పులేని కాలూ.

“ఇంకో చెప్పేది?” అని డెల్ఫా మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉంది.