మెడ మీద గీత

"ఇటు తిరుగు, వెలుతురులోకి" అంటూ భర్త ఆమె గడ్డం పట్టుకున్నాడు. ఆమె చేతులు మోచేతుల దాకా గిన్నెల సబ్బు నురగలో ఉన్నాయి. వంటింటి కిటికీ వైపు ఆమె మొహాన్ని కాస్త వంచి, ఒక కన్ను మూసి చూసి, "అరవై నాలుగు" అన్నాడు. పక్కన కూరగాయలు తరుగుతున్న అత్తగారు ఎప్పటిలాగే నవ్వింది. ఆమె కూడా నవ్వింది. పెళ్లయిన కొత్తలో ఈ సరసం అరవై ఏడుతో మొదలైంది. ఇప్పుడు ఆయన మూడ్‌ని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఎందుకు తగ్గిందని ఎప్పుడైనా అడిగితే, "అరవై ఏడని నేనెప్పుడన్నాను? అన్నీ నువ్వే ఊహించుకుంటావు" అంటాడు.

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. టంకశాల నుంచి వచ్చి, ఎవరి చేతుల్లోనూ చెలామణి కాని నాణేలకు అక్కడ నంబరు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపుతారు. వాడని నాణెమంటే మచ్చలేనిదని బయటివాళ్లు అనుకుంటారు, పాపం. ఒకే సంచిలో పోసిన నాణేలు ఒకదాన్నొకటి కొట్టుకుని గీతలు పడతాయి. గడప దాటకుండానే తగిలే దెబ్బలవి. అరవై నుంచి డెబ్బై దాకా ఆ దెబ్బల లెక్కే, దెబ్బలు తగ్గేకొద్దీ నంబరు పెరుగుతుంది. ఇద్దరు విడివిడిగా చూసి తలో నంబరూ రాస్తారు, ఆఖరి మాట ఆమె భర్తది. ఆమెకు పని నేర్పిందీ ఆయనే. మొదటి రోజు చెప్పిన మాట ఆమెకింకా గుర్తు. "గీత ఉంటే కంగారుపడకు. ఒక్క గీతా లేకుండా నున్నగా ఉంటేనే అనుమానించు. ఎవరో అరగదీసి మెరుగు పెట్టారన్నమాట. అలాంటిదానికి నంబరే ఇవ్వం, తిప్పి పంపేస్తాం."

ఇంట్లో అందరూ ఆమెను చూసేవాళ్లే. ఆఫీసులో, నాణేలు పరీక్షించే దీపం కింద కుర్చీలో మాత్రం చూసేది ఆమె. పొద్దున్నే లేచి ఇంటెడు చాకిరీ ముగించుకుని, తల తడైనా ఆరకముందే ఆమె పరిగెత్తుకొచ్చేది ఆ కుర్చీ కోసమే. అది పోతే తనకంటూ ఇంకేమీ మిగలదని ఆమెకు తెలుసు.

ఆ రోజు ఆమె ముందుకు ఒక వెండి నాణెం వచ్చింది. దాని మీద ఒక స్త్రీ మొహం, ఎవరో ఏమో. పెద్ద నంబరు కోసం ఆశపడే యజమానులు ప్లాస్టిక్ పెట్టె పగలగొట్టి, అదే నాణేన్ని కొత్తదానిలా మళ్లీ పంపుతుంటారు. ఇది రావడం మూడోసారి. కొప్పు దగ్గరున్న నల్లటి చుక్కను బట్టి ఆమె పోల్చుకుంది. మొదటిసారి భర్త దానికి అరవై ఏడు వేశాడు. రెండోసారి అరవై నాలుగు. అప్పుడు "ఇది అదేనండీ" అని ఆమె అంటే, "నీకన్నీ ఒకేలా కనిపిస్తాయి, వెళ్లి కళ్లు చూపించుకో" అన్నాడు, నలుగురి ముందు.

ఆమె దాన్ని దీపం కింద వంచింది. ఆ స్త్రీ చెవి కింద నుంచి మెడ మీదికి సన్నటి గీత. మునుపు లేదు. పెట్టె పగలగొట్టేటప్పుడు పడిందనుకుంటే కొత్త గీతలా మెరవాలి, ఇదేమో పాతబడి నల్లగా ఉంది. భూతద్దం తుడిచి మళ్లీ చూసింది. ఉంది. పెదవులు కూడా బిగబట్టినట్టున్నాయి. మునుపు ఇలా లేవు, ఒట్టు. ఆమె అరవై రెండు రాసింది.

భర్త తన గదిలోకి పిలిచాడు.

"ఏదీ గీత?"

"మెడ మీదండీ. కాస్త ఎడమకి వంచి చూడండి."

ఆయన వంచనైనా వంచలేదు. "ఏమీ లేదు. ఇది అరవై ఏడు. కాగితం మీద తేడా కనపడకూడదు, రేపటికల్లా నీ నంబరు మార్చెయ్. లేదంటే ప్యాకింగ్‌లో కూర్చుని అట్టపెట్టెలకి టేపులు అంటించుకో. పెళ్లానివని మొహమాటపడను."

సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుంటూ ఆమె అద్దంలో చూసుకుంది. చెవి కింద నుంచి మెడ మీదికి సన్నటి గీత. తువ్వాలుతో రుద్దింది. పోలేదు. నొప్పి లేదు, రక్తం లేదు. తువ్వాలు చేత్తో పట్టుకునే అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"అత్తయ్యా, ఇక్కడేమైనా కనిపిస్తోందా?"

అత్తగారు బట్టలు మడతపెట్టడం ఆపి, ఆమె గడ్డం పట్టుకుని దీపం వైపు వంచింది, అచ్చం కొడుకులాగే. "ఎప్పట్నుంచో ఉందిగా అమ్మాయ్. నీకే ఇవాళ కనబడింది." తన జుట్టు పక్కకి తీసి మెడ చూపించింది. అక్కడా గీతలు, ఒకదాని పక్కన ఒకటి, చెవి నుంచి భుజం దాకా.

"మీ మామయ్య కూడా ఇలాగే కిటికీ దగ్గర నిలబెట్టి చూసేవారు. ఏమీ లేదనేవారు."

"మరి రోజూ ఎందుకు నవ్వుతారత్తయ్యా?"

"నవ్వితే తొందరగా వదిలేస్తారు."

అంతే, మళ్లీ బట్టల్లో పడిపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోపం కంటే ముందు, చెప్పుకుంటే బాగుండదు గానీ, సంతోషం వేసింది. తన కళ్లు సరిగ్గానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున మళ్లీ అవే గిన్నెలు, అదే కిటికీ. భర్త గడ్డం పట్టుకుని వంచాడు. "ఓహో, ఇవాళ అరవై ఏడు! మెరిసిపోతున్నావ్." గీత ఆయన బొటనవేలి పక్కనే ఉంది. అత్తగారు నవ్వలేదు.

"నంబరు మార్చనండీ" అంది ఆమె.

"ఏ నంబరు?"

ఆమె చేతులు తుడుచుకుంది. ఆఫీసు సంచిలోంచి మడత భూతద్దం తీసి విప్పి, రెండో చేత్తో ఆయన గడ్డం పట్టుకుంది. "ఇటు తిరగండి, వెలుతురులోకి."

ఆయన నవ్వబోయాడు. అత్తగారు లేచి వచ్చి కిటికీ తెర పూర్తిగా పక్కకి లాగింది.

ఆమె తీరిగ్గా చూసింది. నుదురు, చెంపలు, మెడ. ఇన్నేళ్ల కాపురంలో ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. ఒక్క గీత లేదు. ముడత లేదు, గడ్డం గీసుకున్న గాటు లేదు, వెంట్రుక మొలిచే చోటు కూడా లేదు. నున్నగా ఉంది. ఎటు వంచినా ఆ చెంపలో కిటికీ కనిపిస్తోంది, కిటికీ పక్కన ఇద్దరు ఆడవాళ్లు కనిపిస్తున్నారు.

"ఎంత?" అన్నాడు.

ఆమె భూతద్దం మడిచి సంచిలో పెట్టుకుంది.

"మీకు నంబరు రాదండీ. తిప్పి పంపేస్తాం."