ఎర్రదారం కట్టిన మోకు

ఆ మోకుల కొట్టులో ఏ తాడు అమ్మాలన్నా ముందుగా ఆ ఇంటివాళ్లలో ఒకరు దానికి వేలాడాల్సిందే. తాడును దూలానికి కట్టి, రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు నేలమీంచి ఎత్తెయ్యాలి. తాడు నిలిస్తే కొసకు ఎర్రదారం ముడి వేస్తారు. ఈ పద్ధతి పెట్టినవాడు తాత. వ్యాపారం పెట్టిన కొత్తలో ఎవరూ నమ్మి కొనకపోతే, "నా ఒళ్లే పూచీ, చూసుకోండి" అని అందరి ఎదుటా వేలాడి చూపించాడట. తాత మామూలు మనిషి కాదు. గుమ్మంలో నిలబడితే కొట్లోకి వెలుతురు వచ్చేది కాదు. ఆయన వేలాడితే దూలం మూలిగేది. ఆ మూలుగు విన్నవాడు బేరమాడకుండా కొనుక్కుపోయేవాడు.

తాత తర్వాత నాన్న వేలాడాడు. ఆయన ఒక మోస్తరు మనిషి. ఆయనకు ఇద్దరే పిల్లలు, అక్కా తమ్ముడూ. ఆయన పోయాక వంతు తమ్ముడికి వచ్చింది. వీధి వీధంతా వాణ్ణి ఈనెపుల్ల అంటుంది. గాలి గట్టిగా వీస్తే ముందు చొక్కా ఎగిరిపోతుంది, దాని వెంట వాడూ పోతాడని హమాలీల వేళాకోళం. అయినా పాపం, ఒక్క తాడునూ వదిలిపెట్టకుండా నిష్ఠగా వేలాడేవాడు. అక్క ఎర్రదారం కట్టేది. ఆడవాళ్లు వేలాడకూడదన్నది కూడా తాత మాటే. ఆయన బతికుంటే ఆమె ఆ ముక్క మీద ఆయనతో గట్టిగా పోట్లాడి ఉండేది.

ఆ ఉదయం పెరట్లో హమాలీలు ఒక బస్తాను గిలక మీద పైకి లాగుతుంటే తాడు పుటుక్కున తెగింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. అక్క తెగిన కొస చేతిలోకి తీసుకుంది. పై పేట నిగనిగలాడుతోంది. లోపలి పేటలు నల్లబడి, నలిపితే పొడి రాలింది. ఎక్కడో తడిసి కుళ్లిన సరుకు. రెండో కొసకు ఎర్రదారం బుద్ధిగా వేలాడుతోంది.

"నేను వేలాడానక్కా! ఒట్టు! నీ కళ్లముందే కదా!" అన్నాడు తమ్ముడు.

వేలాడాడు. అందులో అబద్ధం లేదు. అక్క వాడి మణికట్టు వైపు చూసింది, దూలం వైపు చూసింది. ఆ దూలం మూలిగి ఎన్నేళ్లయింది? పద్ధతిని కళ్లకద్దుకుంటూ కాపాడారు గానీ, వేలాడే మనిషి తరానికింత తేలికైపోతున్నాడని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. అంతలో ఆమెకు గుర్తొచ్చింది. అదే చుట్టలో మిగతా సగం, దానికీ ఎర్రదారం కట్టిందే, నిన్ననే గొట్టాల మేస్త్రీ పట్టుకెళ్లాడు.

ఫ్యాక్టరీ పొగగొట్టాలకు రంగులు వేయడం ఆయన పని. నాన్న కాలం నుంచీ ఖాతాదారు. ఒళ్లు చూస్తే తాతకు తీసిపోడు.

తమ్ముడు ఇంకో తాడు భుజాన వేసుకుని పరుగెత్తబోయాడు. అక్క రెక్క పట్టుకుని ఆపింది.

"దీనికి వేలాడి చూసిందెవరు?"

"నేనే..." అని నాలుక కరుచుకున్నాడు.

హమాలీలిద్దర్నీ, తమ్ముణ్ణీ కలిపి ఒకేసారి దానికి వేలాడదీసింది. దూలం మూలిగింది. అప్పుడు బండెక్కారు.

వెళ్లేసరికి మేస్త్రీ గొట్టం నడిమికి వచ్చేశాడు. పైన బిగించిన గిలక నుంచి దిగిన తాడుకు చెక్కపీట, పీట మీద మేస్త్రీ, పక్కన రంగు డబ్బాలు. మధ్యాహ్నం భోజనాలకు లేచిన కూలీలంతా కింద గుమిగూడారు. వాళ్లలో సగం మంది కొట్టుకు తెలిసినవాళ్లే.

"అక్కా, తాడు మాట ఎత్తకు," తమ్ముడు గొణిగాడు. "ఏదో పనుందని దిగమను. ఇంతమందిలో చెప్పామా, కొట్టుకు తాళం వేసుకోవాల్సిందే."

నిజమే. తాత నుంచి కూడబెట్టిందంతా ఆ ఒక్క నమ్మకమే. కానీ పనుందంటే మేస్త్రీ ఎలా దిగుతాడో ఆమెకు తెలుసు. ముడి వదులు చేసి జర్రున జారతాడు. ఆ కుదుపు చాలు.

"మేస్త్రీ గారూ! కదలకండి!" ఆమె గొంతు చించుకుని అరిచింది. "మా తాడు కుళ్లింది! మేం అమ్మిన తాడే! కదిలితే తెగుతుంది!"

కింద గోల ఆగిపోయింది. పైన కుంచె ఆగింది. మేస్త్రీ కిందికి చూడలేదు. తల మాత్రం మెల్లగా ఎత్తి తాడు వైపు చూశాడు.

తమ్ముడు అప్పటికే గొట్టానికున్న ఇనుప మెట్లు పట్టుకున్నాడు. ఆ ఒక్కరోజు వాడి బక్కతనం పనికొచ్చింది. భుజాన తాడుతో బల్లిలా పాకిపోయాడు. వాడు పైన కడ్డీకి కొత్త తాడు కట్టి వదిలాడు. అది మేస్త్రీ మోచేతికి అందీ అందక ఊగింది. ఆయన చెయ్యి చాచగానే పీట ఒరిగింది, రంగు డబ్బా జారి నేల మీద పగిలింది. ఎవరో కెవ్వుమన్నారు. మేస్త్రీ కొత్త తాడు నడుముకు చుట్టి ముడి బిగించాడో లేదో, పాతది ఉన్నట్టుండి తెగి గొట్టం వెంట కిందికి జారింది.

కొత్త తాడు మీద దిగిన మేస్త్రీ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. తెగిన తాడు కొస వెతికి, ఎర్రదారం ముడి విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇందులో మీ తాత బరువుందనుకున్నానమ్మా," అని వెళ్లిపోయాడు.

తెల్లారి, అమ్మిన తాళ్లన్నీ తిరిగి ఇచ్చేయమని ఊరంతా మనుషుల్ని పంపారు. ఒక్క బేరమూ రాలేదు. పొద్దెక్కాక మేస్త్రీ వచ్చాడు, చేతుల్లో రెండు నిండు రంగు డబ్బాలతో.

"తాడు కావాలి," అన్నాడు. "వేరే కొట్టువాళ్లకి వేలాడడం కూడా రాదు."

తమ్ముడు ఆ డబ్బాలు అందుకుని నడుముకు కట్టుకున్నాడు. దూలానికి తాడు వేసి పట్టుకున్నాడు. అక్క చెంగు బిగించి, వాడి చేతుల పైన తన చేతులు వేసి తాడు పట్టుకుంది. ఇద్దరూ కాళ్లెత్తేశారు. దూలం మూలిగింది. పీచు ఆమె అరచేతుల్ని కోసింది. తాత అన్నాళ్లూ అమ్మిందేమిటో మొదటిసారి చేతులకు తెలిసింది.

మేస్త్రీ ఎదురుగా బస్తా మీద కూర్చుని దూలాన్నే చూస్తున్నాడు. ఎంతకీ "చాలు" అనలేదు. వాళ్లూ దిగలేదు.