ఆఖరి పట్టీ

నాకు కోపమెక్కువ. ప్రొద్దుటూరు పండ్ల మార్కెట్లో ఆదినారాయణ శెట్టి మండీ ఎక్కడని అడిగి చూడండి, దారి చెప్పేముందు జాగ్రత్తలు చెబుతారు. అలాంటివాడి నోరు నలభై మంది ఎదుట ఒక ఆడకూతురు మూయించింది. ఆ సంగతి నా నోటితోనే చెబుతున్నానంటే ఆమె మీద నాకెంత గౌరవమో మీరే అర్థం చేసుకోండి.

జమ్మలమడుగుకు దిగువన, పెన్న ఒడ్డున ఏటిమిట్ట అని ఒక పల్లె ఉంది. పదహారిళ్లు. ఎవరికీ సెంటు పట్టా భూమి లేదు, వాళ్ల పొలం ఏరే. వరదలు వచ్చి పోయాక సంక్రాంతి ముందు ఏటి నడుమ ఇసుక తేలుతుంది. ఆ ఇసుకలో తేమ తగిలేదాకా గుంతలు తవ్వి, అడుగున గొర్రెల ఎరువు వేసి, కళింగర విత్తనాలు పెడతారు. పుచ్చకాయను మా వైపు కళింగర అనే అంటాం. ఒక్కసారి ఆ ఇసుక కాయ తిన్నవాడు ఇంకో కాయకు వంక పెట్టకుండా ఉండలేడు. ముప్పై ఏళ్లుగా అక్కడి సరుకంతా నా మండీకే వస్తోంది.

చిక్కేమిటంటే, ఏరు ఏటేటా గట్లన్నీ చెరిపేసి పోతుంది. నిరుడు ఎవరిది ఎక్కడన్నది ఆనవాలు కూడా ఉండదు. ప్రతి ఏడూ కొత్తగా పంచుకోవాల్సిందే. బయట ఊళ్లలో గట్టు జానెడు జరిగితే తలలు పగులుతాయి. ఇక్కడ పదహారిళ్లూ ఒక్క పూటలో పంచుకుని, ఇంటికిపోయి సంగటి తింటారు. కాగితం లేదు, కచేరీ లేదు.

ఎలాగంటే, కొలతకు తాడు పట్టే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి ఇసుకలో గుంత తీసి చేయి దింపుతుంది. మోచేతి లోతుకే తేమ తగిలితే అక్కడ పట్టీ, అంటే ఒక ఇంటి వంతు నేల, ఇరుగ్గా కొలుస్తుంది. భుజం దాకా దిగితే గాని తగలకపోతే, అక్కడ చాకిరీ ఎక్కువ గనక పట్టీ వెడల్పు చేస్తుంది. అలా పదహారు పట్టీలకూ గూటాలు కొట్టాక, చీట్లు తీస్తారు. చీటీ వచ్చిన వరుసలో ఒక్కో ఇల్లూ తనకు నచ్చిన పట్టీ కోరుకుంటుంది. తాడు పట్టిన మనిషికి మాత్రం చీటీ లేదు. అందరూ కోరుకోగా మిగిలిన ఆఖరి పట్టీయే ఆమెది. కొలతలో ఎక్కడ తేడా చేసినా దెబ్బ తనకే తగులుతుంది. ఈ పద్ధతి ఏ మహానుభావుడు పెట్టాడో గాని, దండం పెట్టాలి.

ఇరవై ఎనిమిదేళ్లు ఆ తాడు గౌరమ్మ పట్టింది. ఇప్పుడామెకు చూపు ఆనడం లేదు. ఈ ఏడు తాడును హీనాకు ఇస్తున్నానని చెప్పేసరికి నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే హీనా మొగుడు నాసిర్ నిరుడు గుండె ఆగి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి ఏడేళ్లు. పులివెందులలో అరటి గెలల షెడ్డులో పనిచేసే అన్న, పల్లె వదిలి వచ్చేయమని వారం వారం ఫోన్ చేస్తున్నాడు. ఈ ఒక్క పంట చేతికొస్తే పల్లెలో ఉంటుంది, రాకపోతే మూట కట్టుకుని పోవాల్సిందే. అలాంటి మనిషికి ఆఖరి పట్టీయా?

నేరుగా గౌరమ్మ దగ్గరికే పోయాను. "నీకేమన్నా తిక్కా గౌరక్కా? మొగుడు పోయిన పిల్లకు, అందరూ వద్దన్నది అంటగడతాండావే?"

"వద్దన్నదని ఎవరు చెప్పినారప్పా శెట్టీ?" అంది ఆమె, చేటలో విత్తనాలు తడుముతూ. "ఆరేండ్లుగా తాడు రెండో కొస పట్టింది ఆ పిల్లే. దాని చెయ్యి నా చెయ్యి కంటే బాగా చెప్తాది. నువ్వు కాయలు కొనేటోడివి, కాయలు కొనుక్కోపో."

నేను ఊరుకుంటానా? ఏటి పాయ పక్కన ఒక పట్టీ పడుతుంది. ఇరుకే, కానీ కడవ ముంచితే నీళ్లు. ఒంటరి ఆడదానికి అంతకు మించింది లేదు. ముసలివాళ్లున్న ఇళ్లు ఏటా దానికే ఎగబడతాయి. ఈ మధ్యకాలంలో మూడో చీటీ దాటి అది మిగిలిన గుర్తు నాకు లేదు. పంపకానికి ముందు రోజు ఇంటింటికీ తిరిగి, "ఆ పాయ పట్టీ ఎవరూ ముట్టుకోవద్దండి, హీనాకు మిగల్చండి" అని చెప్పాను. ఒక్కరూ కాదనలేదు. "నువ్వు చెప్పల్నా మామా, మాకు లేదా మనసు?" అన్నారు. గౌరమ్మకు మాత్రం చెప్పలేదు, ఆమె కొడుకు గుణశేఖర్ చెవిన వేశాను. నా అంత పుణ్యాత్ముడు లేడని మురిసిపోతూ ఇంటికి పోయాను.

తెల్లారి హీనా తాడు పట్టింది. ఆ కొలత చూడాలండీ! కొంగు నడుముకు చుట్టి, ఇసుకలో బోర్లా పడుకుని చేయి దింపేది. కళ్లు మూసుకునేది. పిడికెడు ఇసుక తీసి నలిపి, తలూపి, "ఇంకో రెండు బారలు" అనేది. అనుమానమొచ్చిన చోట మూడేసి గుంతలు తీసింది. సచివాలయంలో సర్వే పనిచేసే అవినాష్ ఫోన్ తీసి, "అక్కా, ఇందులో ఒక్క నిమిషంలో కొలుస్తాది" అన్నాడు.

"ఆ ఫోనును గుంతలోకి దింపి చూడు నాయనా, తేమ యాడుందో చెప్తాదేమో" అంది గౌరమ్మ. అందరూ నవ్వారు, అవినాష్ కూడా నవ్వాడు.

పొద్దు బారెడెక్కేసరికి పదహారు పట్టీలూ తేలాయి. చీట్లు తీశారు. మొదటి చీటీ నరసింహయ్యకు వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి, భార్యకు మోకాళ్ల నొప్పులు. ఆయన పాయ పట్టీ పక్కనుంచి ఆకాశం చూసుకుంటూ నడిచి, దూరంగా రాళ్ల ఒడ్డు కింద నిలబడ్డాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు, పదో ఇల్లు... ఒక్కరూ దాని వైపు చూడరు. నాటకం ఆడటం కూడా చేతగాని జనం! గుణశేఖరైతే దాని మీద కాలు పడితే పాపమన్నట్టు దూకి దాటాడు.

పదహైదు ఇళ్లూ అయ్యాయి. పాయ పట్టీ మిగిలింది. హీనా కదల్లేదు.

"ఇది ఎట్ల మిగిలింది?" అంది.

రాళ్ల ఒడ్డు వైపు తిరిగింది.

"నరసింహయ్య తాతా, అవ్వకు మోకాళ్లు బాగైనాయా? ఆ రాళ్ల ఒడ్డుకు యాడ నడుస్తాది?" ఆయన తల గోక్కున్నాడు. హీనా గొంతు పెరిగింది. "నేను కొలిచింది తప్పైతే మొగం మీదనే చెప్పండి, మళ్లీ కొలుస్తా. తప్పు లేదంటే, మీరు నాకు దానమిస్తాండారు. ఈ ఏడు దానం తీసుకుంటే, వచ్చే ఏడు నేను గూటం యాడ కొట్టినా 'పాపంలే, పోనీ' అంటారు. పాపం అనిపించుకున్న మనిషి తాడు పట్టగూడదు. ఎవరికిస్తారో ఇచ్చుకోండి." తాడు తెచ్చి గౌరమ్మ ఒడిలో పెట్టేసింది.

నేనిక ఆగలేకపోయాను. "నేనే చెప్పినానమ్మా! నీ మంచికే చెప్పినా. పిల్లల మొగం చూసుకో. పౌరుషం కూడు పెడతాదా?"

"నీ తక్కెడలో ఇంకొకరు రాయి వేస్తే ఒప్పుకుంటావా మామా?" అంది. "మంచికే వేసినా అన్నా సరే, ఒప్పుకుంటావా?"

ఎలా ఒప్పుకుంటాను? ముప్పై ఏళ్ల వ్యాపారంలో నా తక్కెడ మీద ఈగను వాలనిచ్చింది లేదు.

అప్పుడు గౌరమ్మ మాట్లాడింది, చాలా మెల్లగా. "తాడు పట్టిన కొత్తల్లో నా మొగుడు పోయినాడు, ఆ ఏడు నాకూ ఇట్లే మిగిల్చినారు. తెలిసి కూడా తెలీనట్ల తీసుకున్నా. సంకలో బిడ్డ ఏడుస్తాంటే ఏం చేసేది? ఆ మర్సటేడు నరసింహయ్యన్న తన పట్టీ గూటం రెండు బారలు పక్కకు జరిపితే చూసినా, నోరు రాలేదు. ఉప్పు తిన్నదాన్ని గదా. నాకు మళ్లీ నోరు రావడానికి మూడేండ్లు పట్టింది. ఆ మూడేండ్లూ ఈ ఊర్లో పంపకం సరిగ్గా జరగలేదు. ఎవరికీ చెప్పలేదు, ఈ పొద్దు చెప్తాండా."

నరసింహయ్య తల దించుకున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి, ఇంత జనంలో. "నిజమే చెల్లెలా" అన్నాడు. "తప్పైంది." తర్వాత రాళ్ల ఒడ్డు నుంచి ఇవతలికి నడిచొచ్చాడు. "మొదటి చీటీ నాది. నేను మళ్లీ కోరుకుంటాండా" అని పాయ పట్టీలో పోయి నిలబడ్డాడు. దాంతో అందరూ ఎవరికి నిజంగా కావలసిన చోటికి వాళ్లు కదిలారు. ఈసారి బేరాలు, కసుర్లు, ఒకరినొకరు తోసుకోవడాలు, ఏటా ఉండే గోలంతా ఉంది. పదహైదు ఇళ్లూ అయ్యాక రాళ్ల ఒడ్డు కింది పట్టీ మిగిలింది. భుజం లోతు తేమ, నీళ్లకు నూరడుగుల దూరం. అన్నిటికంటే వెడల్పు.

ఇంత చాకిరీ ఒక్కతి ఎలా చేస్తుంది? పులివెందుల షెడ్డే దిక్కవుతుందేమోనని దిగులు పట్టుకుంది. హీనా మాత్రం పోయి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, పట్టీ ఆ కొసనుంచి ఈ కొసకు చూసింది. "నలభై గుంతలు ఎక్కువ పడతాయి" అంది. కొలిచింది ఆమే కదా, లెక్క ఆమెకు తెలుసు.

గౌరమ్మ తాడు చుట్ట తడుముతూ దగ్గరికొచ్చి, దాన్ని తిరిగి హీనా భుజానికి తగిలించింది. "నాకు కండ్లు పోయినాయి గాని కడవ మోసే నడుముండాది. రేపట్నుంచి ఒక పూట నీ గుంతల కాడికి నేనొస్తా, ఒక పూట నా గుంతల కాడికి నువ్వు రా. ఇది దానం గాదు, బదులు పని."

"నేను కూడా వస్తా" అని నోరు జారాను.

హీనా నా వైపు తిరిగింది. ఆమె కళ్లు తడిగానే ఉన్నాయి, కానీ నవ్వుతోంది. "నువ్వొద్దు మామా. నువ్వు కాయలు తయారైనాక రా. వచ్చి, అందరి కాడా ఆడినట్లే నా కాడా గట్టిగా బేరమాడు. పైసా ఎక్కువిచ్చినావంటే నా కాయలు జమ్మలమడుగుకు తోలుకుంటా."

చెప్పుకోవడానికి సిగ్గేముంది, నాకు ఏడుపొచ్చింది. మొన్న ఉగాది దాటాక పోయి రెండు గంటలు బేరమాడాను. రాక్షసి, రూపాయి కూడా తగ్గలేదు.