ముత్యాల వరుస

కుళాయి ముందే తిప్పి, చెంబు నింపుకుని, కట్టేయాలి. ధార చప్పుడు గువ్వ చెవుల్లో సుత్తిదెబ్బలా పడుతుంది. గుయ్‌మనే ట్యూబులైటు ఆర్పి కిటికీ తీయాలి. మెత్తటి బ్రష్షును గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. ఘాటూ నురగా లేని పేస్టు పెసరగింజంత వేయాలి. వెనకనుంచి తల పట్టుకోకూడదు, ఎదురుగా కూర్చోవాలి. బ్రష్షును ముందు అరచేతికి, తర్వాత బుగ్గకు, ఆ తర్వాతే పెదవికి తాకించాలి.

గువ్వ మా అక్క కూతురు. ఆరేళ్లది. గౌను మెడ దగ్గర కుట్టిన చీటీ కూడా ఒంటికి ముల్లులా గుచ్చుకునే పిల్ల. మాటలు తక్కువ. అక్క అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేస్తుంది. ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే కాబట్టి, ఇదంతా థెరపిస్టు దగ్గర నేర్చుకొచ్చి ఇంట్లోవాళ్లకు చెప్పే పని నాకు పడింది.

"పళ్లు తోమడానికి ఇంత తతంగమా?" అనేది అమ్మ. "మిమ్మల్నిద్దర్నీ ఒళ్లో అదిమిపట్టి తోమేశాను. ఒక్కత్తైనా చచ్చిందా?"

"చావలేదులే. నీ ఒళ్లోకి రావడం మాత్రం మానేశాం," అంది అక్క.

అమ్మ నవ్వేసి, లేచి వెళ్లి ట్యూబులైటు ఆర్పింది.

ఆ వేసవంతా ఓపిక పడితే గువ్వ వెనక పళ్లదాకా బ్రష్షును రానిచ్చింది. ఆ ధైర్యంతోనే బడిలో వేశాం.

ఆ బడిలో భోజనాలయ్యాక పిల్లల్ని నీళ్లతొట్టి ముందు నిలబెట్టి, ఆయమ్మ ఒకరి తర్వాత ఒకరికి పళ్లు తోముతుంది. దానికి ముత్యాల వరుస అని పేరు పెట్టారు. బడి చూడ్డానికి ఎవరొచ్చినా హెడ్‌మిస్ట్రెస్ ముందు చూపించేది అదే. గువ్వను అందులో నిలబెట్టొద్దని, మేమే ఇంట్లో తోముతామని చేర్పించేటప్పుడే చెప్పాం. ఆవిడ తలూపింది.

ఒకరోజు గువ్వ వాచిన పెదవితో ఇంటికొచ్చింది. తనే కొరుక్కుంది. బ్రష్షు చూడగానే మంచం కిందికి దూరింది. అన్నం ముద్దకు కూడా నోరు తెరవలేదు. అంతకాలం పోగుచేసుకున్నదంతా ఒక్క పూటలో పోయింది.

మర్నాడు ఇద్దరం బడికి వెళ్లాం. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వే మాట్లాడు," అంది అక్క.

గుమ్మంలోనే ఆయమ్మ ఎదురొచ్చింది. "ఎవరో చూడ్డానికి వచ్చారమ్మా. ఒక్క పిల్ల పక్కన నిలబడితే బాగోదన్నారు మేడమ్. చల్లగా ఉంటుంది కదాని ముద్దుకొద్దీ నేనే పేస్టు ఇంకాస్త వేశాను. చెయ్యి అడ్డం పెట్టింది పాపం. ఆ చెయ్యి టీచరమ్మ పట్టుకుంది."

పెద్దవాళ్లకు చల్లగా ఉండే ఆ పుదీనా ఘాటు గువ్వ నోట్లో నిప్పు. అది ఆయమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి లోపల కుర్చీలో కూర్చుని ఉంది.

"కొంచెం ఏడ్చింది, అంతే కదమ్మా. పళ్లు శుభ్రమయ్యాయా లేదా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"మేడమ్, నిన్నటినుంచి పిల్ల మెతుకు ముట్టలేదు."

"గారాబం. నా దగ్గర అందరికీ ఒకటే పద్ధతి."

"అయితే అందరికీ ఒకటే కొలత చెప్పులు కొనండి."

"డిగ్రీ చదివేసరికి నోరు బాగానే లేస్తోంది."

"మా ఇంట్లో ఒక్క నోరైనా లేవాలి కదండీ. ఇంకోటి మీరు మూయించేశారు."

ఆవిడ బల్లమీది కాగితాలు సర్దుకుంది. "వరుసలో నిలబడనిదాన్ని భోజనాల వేళకు తీసుకెళ్లిపోండి."

"తీసుకెళ్తాను," అంది అక్క. అంటే కార్ఖానాలో రోజూ ఒక పూట పని వదులుకోవాలి. ఎవరో వచ్చి చూసి మెచ్చుకునే ముచ్చట కోసం.

ఆ వారం గువ్వ పాలు, గంజి మాత్రమే తాగింది. ఒక మధ్యాహ్నం అక్క నేలమీద కూర్చుని, బ్రష్షు గువ్వ చేతికిచ్చి, తన నోరు తెరిచింది. చాలాసేపు గువ్వ కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా లోపలికి తోసింది. చిగురు చిట్లి రక్తం వచ్చింది. అక్క చేతులు ఒళ్లోంచి కదల్లేదు.

"ఆపు తల్లీ," అంది నోరు నిండా బ్రష్షుతో.

గువ్వ ఆపింది. అక్క మొహంలోకి చూసింది. మళ్లీ తోమింది. మళ్లీ ఆపమంటే మళ్లీ ఆపింది. చివరికి బ్రష్షు అక్క చేతిలో పెట్టి, పెదవులు కాస్త విప్పింది. ముందు పళ్లదాకా వెళ్లేసరికి చెయ్యి అడ్డం పెట్టింది. అక్క వెంటనే తీసేసింది.

వెనక పళ్లకు ఇంకా చాలా దూరం ఉంది. ఆ బడిలో ముత్యాల వరుస ఇప్పటికీ సాగుతోంది. నా కోపం చల్లారలేదు, చల్లారాలనీ లేదు. ఆరేళ్ల పిల్ల ఆపమనగానే ఆపింది. తను చెయ్యి అడ్డం పెట్టినప్పుడు అంతమంది పెద్దవాళ్లలో ఒక్కరూ ఆగలేదు. రేపెప్పుడైనా ఏ పిల్ల గడ్డమైనా పట్టుకుని నోరు తెరిపించబోతే, ఒక్క క్షణం మా గువ్వను గుర్తుచేసుకోండి.