ఒక్క స్తంభమూ లేని హాలు

ఆర్కిటెక్టుకి అరవై దగ్గర పడేసరికి ఊళ్ళో ఆయన కట్టించిన బస్టాండులు, మార్కెట్లు, ఆసుపత్రి వార్డులు చాలానే ఉన్నాయి. అవి ఎవరు కట్టారని ఎవరూ అడగలేదు. వాన పడితే జనం వాటి కిందకి పరిగెత్తేవాళ్ళు, వెలిస్తే వెళ్ళిపోయేవాళ్ళు. ఆ సంగతి ఆయన్ని లోపల్లోపల గుచ్చుతూ ఉండేది.

కొత్త కౌన్సిల్ హాలు కట్టాలని మేయరమ్మ కబురు పెడితే, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

"పక్క ఊరి హాలు చూశారా?" అని అడిగిందావిడ.

"చూశానండి. మధ్యలో అన్నీ స్తంభాలే."

"వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి వాళ్ళ మేయరు కనిపించడట."

"దానికి వాళ్ళేమైనా బాధపడుతున్నారాండీ?"

మేయరమ్మ నవ్వలేదు. "మన హాల్లో ఒక్క స్తంభం కూడా ఉండకూడదు. హైవే మీద బస్సులో పోయేవాడు తల తిప్పి చూడాలి. అంతే."

ఆయన కూతురు స్ట్రక్చరల్ ఇంజనీరు. పెళ్ళయ్యాక భర్తతో పై వాటాలోనే ఉంటోంది. తండ్రి గీసిన ప్రతి భవనం నిలబడుతుందా లేదా అని లెక్కలు కట్టేది ఆ అమ్మాయే. ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆయన ఒక పెద్ద గుమ్మటం గీసి ఆమె ముందుకి తోశాడు.

"వెడల్పెంత నాన్నా?"

"నలభై మీటర్లు."

ఆమె ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "ఇక్కడి నేల ఎంత మెత్తనో నీకు తెలీదా? ముప్పై చేద్దాం."

"ముప్పై చేస్తే పక్క ఊరివాళ్ళు ముప్పై అయిదు కడతారు."

"కట్టుకోనీ."

"నువ్వు నా కూతురివా, వాళ్ళ కూతురివా?"

ఆమె ఆ కాగితం తీసుకుని పైకి వెళ్ళింది. నెల్లాళ్ళు లెక్కలతో కుస్తీ పట్టి, కళ్ళ కింద చారలతో కిందకి దిగింది. "నిలబడుతుంది. పునాది బాగా లోతుకి దింపాలి. కానీ ఇంత నున్నటి గుండ్రం లోపల మాట ఏమైపోతుందో నాకు తెలీదు. శబ్దం సంగతి తెలిసినవాళ్ళని ఎవరినైనా పిలుద్దాం."

"హాలు ఉన్నదే మాట్లాడుకోవడానికి. వినిపిస్తుందిలే" అన్నాడాయన.

ఆ మాట నిజమే అయింది.

కట్టడం రెండేళ్ళు పట్టింది. గుమ్మటాన్ని మోస్తూ కింద పెట్టిన సెంట్రింగ్ తీసే రోజున మేస్త్రీ అందరినీ బయటికి పంపాడు. ఆర్కిటెక్టు మాత్రం హాలు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది పడితే నేను బయట ఉండి మాత్రం చేసేదేముంది?"

"నువ్వు లోపలుంటే తియ్యనివ్వను. సెంట్రింగ్ అలాగే ఉంటుంది. జనం దాన్నే చూసుకుంటారు" అంది కూతురు.

ఆయన బయటికొచ్చాడు. ఆసరా కర్రలు ఒక్కొక్కటే తీశారు. గుమ్మటం వేలెడు కిందకి దిగింది, ఆగింది. మేస్త్రీ చప్పట్లు కొట్టాడు. కూతురు ఇసక కుప్ప మీద కూలబడి సీసాడు నీళ్ళు గటగటా తాగేసింది.

ప్రారంభోత్సవానికి వారం ముందు ఆర్కిటెక్టు తూర్పు గోడ దగ్గర నిలబడి రంగు చూసుకుంటున్నాడు. ఎదురుగా, ఎక్కడో దూరాన, పడమటి గుమ్మం దగ్గర కూతురూ అల్లుడూ ఇటు వీపు పెట్టి మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి ఆయన చెవి పక్కనే అల్లుడి గొంతు వినపడింది.

"మావయ్యగారి జన్మ తరించినట్టే."

"నాన్న గొప్ప ఆర్కిటెక్టు కాదు" అంది కూతురి గొంతు. "మంచి ఆర్కిటెక్టు. ఆ తేడా ఆయనకి ఎవరు చెప్తారు?"

"నువ్వే చెప్పు."

"బాబోయ్, నావల్ల కాదు. దీన్ని ఆయన కోసం నిలబెట్టా. నాకైతే ఆసుపత్రి వరండానే ఇష్టం. పొద్దున్నే ఎండ పేషెంట్ల కాళ్ళ మీద పడుతుంది, కళ్ళలో పడదు. అలా కట్టడం ఎంతమందికొస్తుంది?"

ఆయన చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. 'అమ్మో, ఇక్కడిదాకా వినిపిస్తోందే' అన్నది ఆయనకి ముందు తట్టిన ఆలోచన. రెండో ఆలోచన ఇంటికి వెళ్ళాక వచ్చింది. ఆ పూట అన్నం సయించలేదు.

మొదటి సమావేశంలో మైకులో మాట్లాడినవన్నీ గుమ్మటంలోకెక్కి, కలగాపులగమై, వానచప్పుడులా కిందకి రాలాయి. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. గోడవారన చెప్పుకునే గుసగుసలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఎదురుగోడకి చేరాయి. మేయరమ్మ కుర్చీ ఒక గోడవారన, డిప్యూటీ మేయరు కుర్చీ దానికి ఎదురుగోడవారన.

"వచ్చేసారి ఈవిడకి టికెట్ ఇవ్వొద్దని పార్టీవాళ్ళకి నేనే చెప్పా" అని డిప్యూటీ పక్కాయన చెవిలో ఊదాడు.

మేయరమ్మ లేచి నిలబడింది. "నాకు చెప్పలేదేం?"

డిప్యూటీ బల్ల కిందకి వంగి, పడిపోని పెన్ను కోసం చాలాసేపు వెతికాడు.

ఆ తర్వాత సమావేశాలకి సభ్యులు నోళ్ళు కుట్టేసుకుని వచ్చేవాళ్ళు. ఊరి మురుక్కాలవల సంగతి ఎక్కడిదక్కడే ఉండిపోయింది. మేయరమ్మ ఆర్కిటెక్టుని పిలిపించింది.

"కూల్చేయాలా?"

"అక్కర్లేదండి." ఆయన కాగితం చుట్ట విప్పి బొమ్మ చూపించాడు. గుమ్మటంలోంచి తీగలు దింపి, మనిషి చెయ్యెత్తితే అందనంత ఎత్తులో మెత్తటి పలకలతో చదునైన కప్పు, గోడలకి మందపాటి గుడ్డ. "మాట పైకి పోదు. గోడ వెంటా పాకదు."

"గుమ్మటం కనపడదుగా?"

"బయటికి కనపడుతుంది. బస్సులో పోయేవాళ్ళు లోపలికి రారు కదండీ."

ఆ బొమ్మ కాగితం కూతురు ఇంట్లో చూసింది. "నాన్నా, ఇది నువ్వే గీశావా? నీ గుమ్మటాన్ని నువ్వే మూసేస్తున్నావా?"

"మరి ఎవరు గీస్తారు? గొప్ప ఆర్కిటెక్టులు ఇలాంటివి గీయరు."

ఆమె మొహం పాలిపోయింది. "ఎప్పుడు విన్నావ్?"

"మీరు పడమటి గుమ్మం దగ్గర ఉన్నప్పుడు."

"నాన్నా, అది నేను..."

"ఆగు. మూడు రోజులు కోపంగా ఉంది. తర్వాత తగ్గింది." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. "ఆ వరండా కోసం ఎండ ఎక్కడ పడుతుందో చూడ్డానికి ఎన్ని పొద్దుటిపూటలు వెళ్ళానో! అది ఒక్కళ్ళకైనా కనపడిందని నాకు తెలీదే."

ఆమె ఆయన చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని, తన చీరచెంగుతో మళ్ళీ తుడిచి ఇచ్చింది.

పలకలు బిగించాక జరిగిన మొదటి సమావేశానికి తండ్రీ కూతుళ్ళు వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నారు. మురుక్కాలవల మీద సభ్యులు హోరాహోరీగా తిట్టుకున్నారు. ప్రతి తిట్టూ స్పష్టంగా వినిపించింది. చివరికి ఓట్లు పడ్డాయి. మేయరమ్మ ప్రతిపాదన ఓడిపోయింది, ఎంత తేడాతో ఓడిందో కూడా అందరికీ వినిపించింది. తలెత్తి పైకి చూసినవాడు ఒక్కడూ లేడు. కాసేపటికి ఆర్కిటెక్టుకి కూర్చున్నచోటే నిద్ర పట్టేసింది. కూతురు ఆయన్ని లేపలేదు.