పని పూర్తయిందట

లైన్‌మన్ పొడుగోడు స్తంభం మీంచి పడగానే సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి వాడి జేబులో చెయ్యి పెట్టాడు. ఫోను తీసి ఇంటికి కబురు చేస్తాడేమో అనుకుంది అక్క. అతను స్పృహలేని మనిషి వేలు పట్టుకుని ఫోనుకి ఆనించాడు, తెరిచి చూశాడు, ఊపిరి పీల్చుకున్నాడు.

"బతికిపోయాం. కోడ్ ఎక్కేసింది. పని పూర్తయినట్టే."

ఎదురు కొట్టావిడ మాత్రం గొడుగు తెచ్చి, పడ్డవాడి మొహం మీద ఎండ పడకుండా పట్టుకుంది. అంబులెన్సు వచ్చేదాకా కదల్లేదు.

అక్కది తీగలు అతికే పని. వెంట్రుకంత గాజు పోగుల్ని కలిపి ఇళ్లలోకి ఇంటర్నెట్ పంపిస్తుంది. వయసులో పెద్దది కాబట్టి స్తంభాలెక్కే లైన్‌మెన్లందరికీ అక్కే.

కంపెనీ దేశమంతా పాకుతోంది. ఏ ఊళ్లో చూసినా దాని బోర్డే. ఆ పరుగు కోసం ఒక రూలు పెట్టింది. లైన్‌మన్ వచ్చే రోజు ఇంటివాళ్ల ఫోనుకి ఒక కోడ్ వస్తుంది. కనెక్షన్ ఇచ్చాక దాన్ని లైన్‌మన్ తన ఫోన్లో కొడితేనే పని పూర్తయినట్టు లెక్క. ఆలస్యమైతే మర్నాడు పనివ్వరు. అందుకే అందరికీ ఒక అలవాటు పడింది. గుమ్మంలోనే బతిమాలి కోడ్ ముందే పుచ్చుకునేవారు, కొట్టేసేవారు, ఆ తర్వాతే స్తంభం ఎక్కేవారు. ఈ సంగతి కంపెనీకి తెలుసు. తెలిసే ఊరుకుంది.

ఆ అలవాటే ఇప్పుడు పొడుగోడి మెడకి చుట్టుకుంది. వెన్నెముకకి ఆపరేషన్ చెయ్యాలన్నారు డాక్టర్లు. తమ మనిషేనని కంపెనీ ఒప్పుకుంటే బీమా వస్తుంది, ఆపరేషన్ జరుగుతుంది. లేకపోతే మంచమే గతి. కంపెనీ నుంచి జవాబొచ్చింది: పని పూర్తయ్యాక అతను సొంత ఇష్టంతో స్తంభం ఎక్కాడు, మాకు సంబంధం లేదు.

"సొంత ఇష్టమట! కరెంటు తీగల మధ్య వీడికేం పనిరా, ఉయ్యాలూగుతాడా?" అన్నాడు బుల్లెట్. లైన్‌మెన్లలో నోరున్నవాడు.

సామాన్ల గోడౌన్‌లో మీటింగు. కేబులు చుట్టల మీద కూర్చున్నారు. కాల్ సెంటర్ నుంచి ముగ్గురమ్మాయిలు వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"రండి రండి, ఫోన్లో మమ్మల్ని పీక్కుతినేది మీరేగా! 'ఇంకా ఎంతసేపన్నా' అనేది ఎవరమ్మా మీలో?" అన్నాడు బుల్లెట్.

"నేనే అన్నా" అంది ఒకమ్మాయి. "నేను అడక్కపోతే నన్ను ఇంకొకడు అడుగుతాడు. మాకు బాత్రూంకి వెళ్లినా టైము కడతారు."

బుల్లెట్ తను కూర్చున్న చుట్ట మీద జరిగి చోటిచ్చాడు.

"సమ్మె చేద్దాం" అన్నారు కొందరు. "పక్క ఊరి నుంచి మనుషుల్ని దింపుతారు" అన్నారు ఇంకొందరు. గొంతులు లేచాయి. అక్క లేచి నిలబడింది.

"వాళ్లు రాసిన రూలే పాటిద్దాం. కరెంటు ఆపిస్తేనే ఎక్కుదాం. కిందికి దిగి, ఇంట్లో నెట్ వచ్చిందని చూశాకే కోడ్ అడుగుదాం."

"ఆలస్యమైతే పని పోతుందక్కా!"

"ఒక్కడైతే వాడి పని పోతుంది. అందర్నీ తీసేస్తే స్తంభాలు ఎవరెక్కుతారు, ఛైర్మన్ గారా?"

వారం తిరక్కముందే ఊళ్లో పనులు గుట్టపడ్డాయి. తిట్టడానికి ఫోన్ చేసినవాళ్లకి కాల్ సెంటర్ అమ్మాయిలు ఉన్నమాట చెప్పారు: "మా లైన్‌మన్ స్తంభం మీంచి పడ్డాడండీ. వాడెవడో తెలీదంటోంది కంపెనీ." కొందరు ఇంకా తిట్టారు. కొందరు, "ఇప్పుడెలా ఉందమ్మా అతనికి?" అని అడిగారు.

కోటి కనెక్షన్లు నిండిన పండగ ఈ ఊళ్లోనే చెయ్యాలనుకుంది కంపెనీ. స్టేజీ కట్టారు గానీ, ఇక్కడి పనులు ఆగిపోయి కోటి నిండలేదు. పెద్ద మేనేజరు అక్కని పిలిపించాడు.

"మీలాంటి మంచి మనిషి ఇలా చెయ్యడం ఏం బాగోలేదమ్మా."

"వాడు మా మనిషే అని ఒక్క ముక్క రాయండి సార్. సాయంత్రానికి మీ కోటి నింపేస్తాం."

"అది హెడ్డాఫీసు చూసుకోవాలి."

"వాడి వెన్నెముక కూడా హెడ్డాఫీసుకి పంపించమంటారా?"

మర్నాడు ఆఫీసు గేటు ముందు రోడ్డంతా జనమే, పక్క ఊళ్ల లైన్‌మెన్లు కూడా వచ్చారు. అక్క కేబులు డ్రమ్మెక్కి మాట్లాడుతోంది. పోలీసులు తోసుకుంటూ వచ్చి చెయ్యి పట్టి లాగారు. చెప్పు జారిపోతే ఒక కానిస్టేబులు వంగి తీసి, తలెత్తకుండా ఆమె కాలి దగ్గర పెట్టాడు. జీపు వెళ్లిపోయింది.

జనం చప్పబడిపోయారు. ఒకరిద్దరు వెనక్కి తిరిగారు కూడా. అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చిన పొడుగోడి భార్య వాళ్లని తప్పించుకుంటూ ముందుకొచ్చింది. ఇన్నాళ్లలో ఏ మీటింగులోనూ ఆమె నోరు విప్పలేదు. డ్రమ్ము పట్టుకుని బుల్లెట్ వైపు చూసింది.

"చెయ్యి అందించన్నా." పైకెక్కి కొంగు బిగించింది. "అక్క ఎక్కడిదాకా చెప్పింది?"

"రేపటి నుంచి... అంటుండగా లాగేశారమ్మా."

"అయితే వినండి" అందామె. "రేపటి నుంచి ఏ ఊళ్లోనూ ఒక్క స్తంభం ఎక్కొద్దు. నా మొగుణ్ణి తన మనిషని కంపెనీ ఒప్పుకోవాలి, అక్కని వదలాలి. అప్పటిదాకా ఎక్కొద్దు. ఎక్కుతామనేవాళ్లుంటే ఇప్పుడే ముందుకొచ్చి, నా మొహం చూసి చెప్పండి."

ఎవరూ ముందుకు రాలేదు. వెనక్కి తిరిగినవాళ్లు కూడా వచ్చి గేటుకి అడ్డంగా కూర్చున్నారు.